ఆటోమేటిక్ పికప్ గేరు మారేటప్పుడు కుదుపుతోందా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూడండి

మన దగ్గర పికప్ అంటే మాన్యువల్ గేరు బండే. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే బొలెరోలు, యోధాలు అన్నీ అవే. ఆటోమేటిక్ పికప్ అనగానే ఎక్కువగా వినిపించేవి రెండే పేర్లు. ఒకటి మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్, రెండోది 2022లో మన దేశానికి వచ్చిన టొయోటా హైలక్స్. రెండింటి ఆటోమేటిక్ మోడళ్లలోనూ డీజిల్ ఇంజిను, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజిను శక్తిని ఆయిల్ ద్వారా అందించే భాగం) గేర్‌బాక్సు ఉంటాయి. ఈ బండ్లు తక్కువ, వాటి గేర్‌బాక్సు విప్పి చూసినవాళ్లు ఇంకా తక్కువ. అందుకే చిన్న జర్క్ అని చెప్పినా "గేర్‌బాక్స్ పోయింది సార్, దించాల్సిందే" అనే మాట తొందరగా వచ్చేస్తుంది. దించితే ఖర్చు లక్షల్లోకి పోతుంది. అసలు లోపం గ్రీజు అయిపోయిన షాఫ్ట్‌లోనో, నీరసపడ్డ బ్యాటరీలోనో ఉంటే అదంతా దండగే.

కుదుపు సీట్లో తెలుస్తుంది కానీ ఎక్కడ పుట్టిందో సీట్లో తెలియదు. కాబట్టి డబ్బు ఖర్చు కాని పరీక్షలతో మొదలుపెట్టి, వందల్లో అయ్యేవి, తర్వాత వేలల్లో అయ్యేవి చూసుకుంటూ వెళ్లండి. గేర్‌బాక్స్ విప్పడం అన్నిటికంటే చివరి మాట.

మొదటి పని: ఎప్పుడు కుదుపుతోందో పట్టుకోండి

"గేర్లు సరిగ్గా పడట్లేదు" అని చెబితే ఏ మేస్త్రికీ ఏమీ తెలియదు. రెండు మూడు రోజులు మామూలుగా తిరుగుతూ, బండి ఆపాక ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి. ఇంజిను చల్లగా ఉందా, వేడెక్కిందా? స్పీడెంత? ఆర్‌పీఎం ఎంత? యాక్సిలరేటర్ తొక్కుతున్నారా, వదిలేశారా? వెనక లోడుందా? పక్క సీట్లో ఎవరైనా ఉంటే మీటర్ వైపు ఫోన్ పెట్టి వీడియో తీయమనండి. ఈ వివరాల్లోనే సగం జవాబు ఉంటుంది.

పొద్దున్నే స్టార్ట్ చేసి వెంటనే డి లోకి వేస్తే 'ధబ్' మంటోందా? చల్లటి ఇంజిను ఐడిల్ ఆర్‌పీఎం ఎక్కువగా ఉంటుంది. అది కిందికి దిగేదాకా అర నిమిషం ఆగి వేసి చూడండి. దాంతో తగ్గితే అది జబ్బు కాదు. మొదటి కొన్ని నిమిషాలు గేర్లు కాస్త బరువుగా పడినా కంగారు అక్కర్లేదు. ఆయిల్ చిక్కగా ఉంటుంది, వేడెక్కేదాకా బండిలోని కంప్యూటరే గేర్లను కాస్త ఆలస్యంగా మారుస్తుంది. కానీ డి లో వేశాక రెండు మూడు సెకన్లు ఏమీ జరగకుండా, తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటుంటే మాత్రం ఆయిల్ తగ్గిందనో, లోపల సీళ్లు అరిగాయనో అనుమానించాలి.

పార్క్ లోంచి తీసేటప్పుడే 'టక్' మంటోందా? బండి ఎక్కడ ఆపుతున్నారో చూసుకోండి. విజయవాడ అపార్ట్‌మెంట్లలో సెల్లార్ ర్యాంపు మీదే బండి పెట్టేవాళ్లు చాలామంది. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా పి లో పెడితే బండి బరువంతా గేర్‌బాక్స్ లోపలి చిన్న కొక్కెం మీద పడుతుంది. తీసేటప్పుడు ఆ కొక్కెం బిగువు మీద నుంచి ఊడి చప్పుడవుతుంది. బ్రేకు తొక్కి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలు మెల్లగా తీసి బరువు హ్యాండ్‌బ్రేక్ మీద పడ్డాక పి లో వేయండి. మళ్లీ బ్రేకు తొక్కుకుని పి లోంచి తీసి చూడండి. ఆ చప్పుడు పోతే ఇక ఎవరికీ డబ్బులు ఇవ్వక్కర్లేదు.

రెండో పని: రోడ్డు మీద రెండు పరీక్షలు

ఇవి తెల్లవారుజామున, వెనక బండ్లు లేని చోట చేయండి. బెంజి సర్కిల్ దగ్గర ప్రయోగాలు వద్దు. వారధి దాటాక తాడేపల్లి, మంగళగిరి వైపు హైవే పొద్దున్నే ఖాళీగా ఉంటుంది.

ఒకటి, బండి ఆగేటప్పుడు కుదుపు వచ్చేవాళ్లకు. పికప్‌లలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. సిగ్నల్ దగ్గర మెత్తగా ఆపారు, ఆగిన క్షణం తర్వాత వెనక నుంచి ఎవరో బంపర్‌కి తగిలించినట్టు ఒక దెబ్బ. అద్దంలో చూస్తే వెనక ఎవరూ ఉండరు. ముందు డి లోనే మెల్లగా ఆపి చూడండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద, ఆగడానికి కొన్ని మీటర్ల ముందు న్యూట్రల్‌లోకి తోసి, అంతే మెల్లగా ఆపండి. న్యూట్రల్‌లోనూ దెబ్బ వస్తుంటే గేర్‌బాక్స్‌ని తిట్టి లాభం లేదు. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని కీళ్లలాంటి క్రాసులు, వెనక కమాను కట్టల బుష్‌లు చూపించుకోండి. డి లో మాత్రమే వస్తే రెండు, ఒకటి గేర్లలోకి దిగేటప్పుడు సాఫ్ట్‌వేర్‌దో, ఆయిల్‌దో తేడా ఉండొచ్చు.

రెండోది, 50 నుంచి 80 మధ్య స్పీడులో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా పెట్టినప్పుడు రంబుల్ స్ట్రిప్స్ మీద వెళ్తున్నట్టు సన్నగా వణికేవాళ్లకు. టార్క్ కన్వర్టర్ లోపల లాకప్ క్లచ్ అని ఒకటుంటుంది. స్పీడు నిలకడగా ఉన్నప్పుడు అది ఇంజినునీ గేర్‌బాక్సునీ నేరుగా కలిపేస్తుంది. అది జారుతూ పట్టుకుంటూ ఉంటే ఈ వణుకు పుడుతుంది. వణుకు మొదలయ్యాక యాక్సిలరేటర్ కదపకుండా, బ్రేకు లైటు వెలిగేంత మాత్రమే బ్రేకు పెడల్‌ని ఎడమ కాలితో తాకండి. తొక్కకండి, తాకండి అంతే. కంప్యూటర్ లాకప్‌ని వదిలేస్తుంది. ఆ క్షణంలో వణుకు మాయమైతే అనుమానం కన్వర్టర్ మీదా, దానిలోని ఆయిల్ మీదా. అలాగే వణుకుతుంటే ఇంజిను మిస్‌ఫైర్, ఇంజెక్టర్, టైరు బ్యాలెన్సింగ్ వైపు చూడాలి. ఎడమ కాలు మాట వినదని అనిపిస్తే ఈ పరీక్ష మీరు చేయకండి, అలవాటున్న మేస్త్రినే చేయనివ్వండి.

ఈ వణుక్కి ప్రతిసారీ కన్వర్టర్ మార్చాల్సిన పని ఉండదు. అమెరికాలో జనరల్ మోటార్స్ ఎనిమిది గేర్ల పికప్‌లలో ఇదే వణుకు మీద పెద్ద గొడవే అయింది. చివరికి కంపెనీ డీలర్లకు చెప్పిన ప్రధానమైన మందు పాత ఆయిల్ పూర్తిగా తీసేసి వేరే రకం ఆయిల్ నింపడమే. అందరికీ దానితో తీరలేదు కానీ చాలా బండ్లకు ముందు చేసింది ఆయిల్ మార్పే. డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో పికప్ నడిపే మీ బావమరిదికి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

గేరు మారే మధ్యలో ఆర్‌పీఎం ఒక్కసారిగా పైకి లేచి, బండి మాత్రం లాగకుండా ఉంటే అది వేరే కథ. లోపల క్లచ్ జారుతోంది. లోడు వేయడం ఆపేసి, కింది పనులతో కాలయాపన చేయకుండా ఆయిల్ మట్టం, స్కానింగ్ దగ్గరికి వెళ్లిపోండి.

మూడో పని: గేర్‌బాక్స్ బయటివి

గోటితో పోయేదానికి గొడ్డలి తీయకూడదంటే ఈ భాగం ఓపిగ్గా చేయాలి.

బ్యాటరీతో మొదలుపెట్టండి. గేర్‌బాక్స్ లోపల ఆయిల్ ఒత్తిడిని నడిపేవి కరెంటుతో పనిచేసే సొలినాయిడ్లు. వోల్టేజి ఊగిసలాడితే అవీ ఊగుతాయి. రోహిణి కార్తె ఎండల్లో మన బ్యాటరీలు పెద్దకాలం ఉండవు. ఇంజిను ఆపి కొన్ని గంటలయ్యాక 12.5 వోల్టుల పైన, ఇంజిను నడుస్తుంటే దాదాపు 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. ఇంజినుకీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ వైరు బోల్టు తుప్పు పట్టిందేమో విప్పి గీకి బిగించండి.

ఎయిర్ ఫిల్టర్. యార్డులోనో, కోల్డ్ స్టోరేజీల దగ్గరో, జిన్నింగ్ మిల్లుల్లోనో తిరిగే బండికి సర్వీసు పుస్తకంలో రాసిన కిలోమీటర్లు పనికిరావు. మిర్చి దుమ్ము, పత్తి నూగు ఫిల్టర్‌ని ముందే మూసేస్తాయి. దాని వెనకుండే గాలి కొలిచే సెన్సార్ మురికి పడితే ఇంజిను ఎంత కష్టపడుతోందో కంప్యూటర్‌కి తప్పు లెక్క వెళ్తుంది. ఆ లెక్కను బట్టే గేరు ఎంత బిగువుగా వేయాలో అది నిర్ణయిస్తుంది. సెన్సార్ని దానికోసం అమ్మే స్ప్రేతోనే కడగండి. గుడ్డతో తుడవడం, గట్టిగా గాలి కొట్టడం వద్దు.

ప్రొపెల్లర్ షాఫ్ట్. బండి ఎత్తి, న్యూట్రల్‌లో షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని తిప్పుతూ, పైకీ కిందికీ ఊపండి. క్రాస్ దగ్గర కాస్త ఆడినా, అంచుల్లో ఎర్రటి తుప్పు పొడి కనిపించినా అది మార్చాల్సిందే. షాఫ్ట్ పొడవు మారేందుకు లోపలికీ బయటికీ జారే, పళ్లున్న స్ప్లైన్ భాగం ఒకటుంటుంది. అక్కడ గ్రీజు ఆరిపోతే బండి ఆగినప్పుడు అది పట్టేసి, ఒక్కసారిగా జారుతుంది. ఇందాక చెప్పిన 'వెనక నుంచి తగిలిన' దెబ్బకు తరచూ ఇదే కారణం. గ్రీజు ఎక్కించే నిపుల్ ఉంటే గ్రీజు కొట్టించండి. లేకపోతే షాఫ్ట్ విప్పి, స్ప్లైన్ తుడిచి, కంపెనీ చెప్పిన గ్రీజు రాసి ఎక్కించాలి. విప్పే ముందు రెండు ముక్కల మీదా పెయింటుతో గుర్తు పెట్టించండి, లేకపోతే ఎక్కించాక కొత్త వైబ్రేషన్ మొదలవుతుంది. ఇలాంటి పనులకు ఆటోనగర్ మేస్త్రులను మించినవాళ్లు లేరని నా నమ్మకం. లారీ షాఫ్ట్‌ల మీద అరిగిన చేతులు వాళ్లవి.

ఇంజిను, గేర్‌బాక్స్ మౌంటింగులు కూడా అప్పుడే చూపించండి. రబ్బరు చిట్లితే గేరు మెత్తగా పడినా ఇంజిను ఎగిరి కూర్చుంటుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోండి. కరకట్ట మీద బురదలో 4హెచ్ (నాలుగు చక్రాలూ నడిచే మోడ్) వేసి, తారు రోడ్డెక్కాక తీయడం మర్చిపోవడం మామూలే. ఈ పికప్‌లలో ముందు, వెనక చక్రాలకు మధ్య, వాటి వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. పొడి రోడ్డు మీద మలుపు తిరిగితే మొత్తం బిగుసుకుపోయి దడదడ కొడుతుంది. వెనక చక్రాలే నడిచే 2హెచ్ లోకి మార్చండి, అంతే. షో కోసం పెద్ద టైర్లు వేయించినా, పవర్ పెంచుతుందని ఎవరో అమ్మిన చిప్ పెట్టించినా గేర్లు మారే లెక్క తప్పుతుంది. కుదుపు వాటి తర్వాతే మొదలై ఉంటే, ముందు వాటిని తీసి చూడండి.

నాలుగో పని: స్కానర్

మీటర్ దగ్గర హెచ్చరిక లైటు వెలిగినా, వెలగకపోయినా లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించండి. కోడ్లు చెరిపే ముందు ఫోటో తీసుకోండి. "క్లియర్ చేశాను సార్, ఇక రాదు" అంటే మీ దగ్గరున్న ఒకే ఒక్క ఆధారం పోయినట్టే. పీ0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో చెప్పాలనుకుంటోందని మాత్రమే, అసలు కోడ్ దానిలోనే ఉంటుంది. చవక స్కానర్లు అక్కడిదాకా వెళ్లలేవు. పీ0741 లాకప్ క్లచ్ సరిగ్గా పట్టట్లేదని, పీ0730 ఉండాల్సిన గేరు నిష్పత్తి రావట్లేదని, పీ0711 ఆయిల్ ఉష్ణోగ్రత సెన్సార్ తేడాగా ఉందని, పీ0218 ఆయిల్ మరీ వేడెక్కిందని చెబుతాయి.

మేస్త్రిని ఒక ప్రశ్న అడగండి. "మేస్త్రి గారూ, గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ ఎంత చూపిస్తోంది?" స్క్రీన్ మీద అంకె చూపించగలిగితే పని ఇవ్వొచ్చు. "చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోద్దండీ" అంటే, షాఫ్ట్ పని ఆయనకే ఇవ్వండి, గేర్‌బాక్స్ మాత్రం వద్దు. మామూలుగా నడిచేటప్పుడు ఆయిల్ వేడి దాదాపు 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో మే నెల మధ్యాహ్నం అది 100 దాటితే ఆశ్చర్యం లేదు. 120 దాటుతోందంటే మాత్రం ఎక్కడో చిక్కుంది. రేడియేటర్ ముందుండే ఆయిల్ కూలర్ జాలీలో పత్తి నూగు, పురుగులు, బురద నిండి ఉంటాయి. తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగించండి. గ్రిల్ ముందు వరుసగా బిగించిన ఎక్స్‌ట్రా లైట్లు కూడా గాలిని అడ్డుకుంటాయి.

ఐదో పని: ఆయిల్

అసలు పని ఇక్కడుంది, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే.

కొత్త గేర్‌బాక్సుల్లో చాలావాటికి ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ ఉండదు. కింద ఒక ప్లగ్గు ఉంటుంది. బండి సమతలంగా ఎత్తి, ఇంజిను నడుస్తుండగా, గేర్లన్నీ ఒకసారి మార్చి, ఆయిల్ కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతకు చేరినప్పుడు ఆ ప్లగ్గు తీస్తారు. చాలా గేర్‌బాక్సులకు అది 40 డిగ్రీల చుట్టుపక్కల, మీ బండికి ఎంతో సర్వీసు మాన్యువల్లో ఉంటుంది. ఆయిల్ సన్నటి ధారగా కారి చుక్కలుగా మారితే మట్టం సరిగ్గా ఉన్నట్టు. ఏమీ రాకపోతే తక్కువ. ఆయిల్ మరీ వేడిగా ఉండగా ప్లగ్గు తీస్తే, అది వ్యాకోచించి ఉంటుంది కాబట్టి ఉండాల్సింది కూడా కారిపోతుంది. మన వేసవిలో నీడలో నిలబెట్టిన బండి ఆయిలే 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందుకే ఈ పని తెల్లవారుజామున, రాత్రంతా ఆగిన బండికి చేయించుకోవడం మేలు.

పాత ఆయిల్ ఒక తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేసి చూడండి. ముదురు ఎరుపు, గోధుమ రంగు పర్లేదు. నల్లగా ఉండి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ లోపలి అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉండటం సహజం. వేలితో నలిపితే గరుకుగా రేకుల్లాంటి లోహం ముక్కలు తగిలితే ఆయిల్ మార్పుతో తీరే పని కాదు.

ఆయిల్ తెల్లబారిన గులాబీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. కొన్ని బండ్లలో రేడియేటర్‌తో కలిసి ఉండే కూలర్ చిట్లి కూలెంట్ అయినా రావాలి, వరద నీరైనా అయుండాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లలో నిలిచిన బండ్లు ఎన్నో. గేర్‌బాక్స్‌కి పైన గాలి గొట్టం ఒకటుంటుంది, నీళ్లు దాన్ని దాటితే లోపలికి దిగిపోతాయి. క్లచ్ ప్లేట్ల మీది పొర జిగురుతో అతికించింది, నీటికి అది ఊడొస్తుంది. విజయవాడలో సెకండ్ హ్యాండ్ పికప్ కొనేవాళ్లు సీట్ల కింద బోల్టుల తుప్పు, సీట్ బెల్ట్ పూర్తిగా లాగితే చివర్లో కనిపించే బురద చార, ఈ ఆయిల్ రంగు చూసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

మార్చేటప్పుడు మీ బండి పుస్తకంలో రాసిన రకమే వాడాలి. హైలక్స్‌కి టొయోటా డబ్ల్యూఎస్ అని ఉంటే డబ్ల్యూఎస్సే. పవర్ స్టీరింగ్ ఆయిల్ కూడా ఎర్రగానే ఉంటుంది, ఎరుపు చూసి సరిపెట్టుకుంటే కుదుపు తగ్గకపోగా పెరుగుతుంది. సీల్ తీయని డబ్బా మీ కళ్లముందే తెరవమనండి. పాన్ నుంచి వదిలితే మొత్తంలో మూడో వంతు నుంచి సగం దాకానే బయటికొస్తుంది, మిగతాది కన్వర్టర్‌లోనూ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. కాబట్టి ఒకసారి మార్చి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ ఒకసారి మారిస్తే మంచిది. దించిన ఆయిల్‌ని సీసాల్లో కొలిచి పెట్టమనండి. ఎంత దించారో అంత పోసి, ఆ తర్వాత ప్లగ్గుతో మట్టం సరిచూడాలి.

'జీవితకాలం మార్చనక్కర్లేదు' అని చెప్పే ఆయిల్ మాటకు లోడు మోసే బండి విషయంలో నేను విలువ ఇవ్వను. ఎండ, దుమ్ము, బరువు కలిసిన మన వాడకానికి 60 నుంచి 80 వేల కిలోమీటర్ల మధ్య మార్చేయడం మేలు. మీ పుస్తకం అంతకన్నా ముందే అంటే దాన్నే పాటించండి. అయితే ఇప్పటికే క్లచ్ జారుతున్న గేర్‌బాక్స్ కొత్త ఆయిల్‌తో బాగుపడుతుందని ఆశ పెట్టుకోవద్దు.

ఆయిల్ మార్చాక: కంప్యూటర్‌కి మళ్లీ నేర్పాలి

ఈ గేర్‌బాక్సులు క్లచ్‌లు అరిగేకొద్దీ ఎంత ఒత్తిడి పెట్టాలో తమంతట తామే సర్దుకుంటూ పోతాయి. ఆయిల్ మార్చాక పాత లెక్క పనికిరాదు, అందుకే మార్చిన వారంలో కుదుపు ఎక్కువైందని కొందరు గొడవ పెట్టుకుంటారు. స్కానర్‌తో ఆ పాత విలువలు చెరిపించండి. బ్యాటరీ వైరు పీకితే చాలని అంటారు కానీ చాలా బండ్లలో దానితో చెరగవు. అలాగే సర్వీసు సెంటర్లో గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌కి కొత్త అప్‌డేట్ వచ్చిందేమో అడగండి.

తర్వాత ఆయిల్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, యాక్సిలరేటర్ పావు వంతు మించకుండా నిలకడగా తొక్కుతూ సున్నా నుంచి పై గేరు దాకా పోనివ్వండి. కాలు తీసి మెల్లగా ఆపండి. ఇలా పది పన్నెండు సార్లు. తొందరపడి యాక్సిలరేటర్ కిందిదాకా తొక్కి కిక్‌డౌన్‌లు కొట్టొద్దు. ఒక్కరే నడపండి.

కంపెనీ సర్వీసుకు వెళ్తే

వారంటీ ఉంటే బయట ఎక్కడా గేర్‌బాక్స్ ప్లగ్గు కూడా ముట్టనివ్వకండి. జాబ్ కార్డులో "గేర్ ప్రాబ్లమ్" అని రాయనివ్వకుండా, "ఇంజిను వేడెక్కాక 2 నుంచి 3కి మారేటప్పుడు, 30 స్పీడు దగ్గర జర్క్" అని మీ మాటల్లోనే రాయించండి. టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడిపి చూపించండి. "ఇది నార్మలే అండీ" అంటే అదే మోడల్ డెమో బండి ఒకటి ఇవ్వమని అడిగి, అదే రోడ్డు మీద నడపండి. రెండూ ఒకలాగే ఉంటే నిజంగానే నార్మల్. తేడా ఉంటే ఆ మాట కూడా జాబ్ కార్డు మీద రాయించుకోండి. తిప్పించుకుంటూనే ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. కాగితాలు లేని ఫిర్యాదుకు బలం ఉండదు, అందుకే జాబ్ కార్డుల గురించి ఇంత పట్టుబడుతున్నాను.

నడపడంలో

యూ టర్న్ తీసుకునేటప్పుడు బండి వెనక్కి కదులుతుండగానే డి లోకి లాగే అలవాటు మానాలి. వన్‌టౌన్ సందుల్లో, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర రోజుకి ఇరవై సార్లు అలా చేస్తే ఏ గేర్‌బాక్సైనా కుదుపుతుంది. పూర్తిగా ఆపాకే మార్చండి. కోటప్పకొండ ఘాట్ లాంటి చోట లోడుతో ఎక్కేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో గేరు పట్టి ఉంచితే పైకీ కిందికీ వేటాడదు, ఆయిలూ చల్లగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ప్రతిసారీ న్యూట్రల్ చేయనక్కర్లేదు. లోడు విషయంలో ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేసి చూడండి. అందులోంచి మనుషుల బరువు కూడా పోవాలి. సొంత వాడకం పికప్‌లలో మిగిలేది మీరనుకున్నంత ఉండదు.

ఎప్పుడు ఆపేయాలి

బండి ఒకే గేరులో ఇరుక్కుని లైటు వెలిగితే అది తనను తాను కాపాడుకునే మోడ్. దగ్గర్లోని షెడ్డుకి మెల్లగా చేరొచ్చు, గుంటూరు నుంచి ఇంటికి నడుపుకుంటూ రావడం వద్దు. డి వేసినా కదలకపోయినా, కింద ఎర్రటి ఆయిల్ కారుతున్నా, మాడు వాసన వస్తున్నా, వరద నీట్లో నిలిచినా అక్కడే ఆపేయండి. ఇంజిను ఆగితే గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ పంపు తిరగదు. వెనక చక్రాలు నేల మీద ఉంచి తాడు కట్టి లాగితే లోపలి భాగాలు ఆయిల్ అందక అరిగిపోతాయి. ఫోన్ చేసేటప్పుడే "ఆటోమేటిక్ బండి, నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ పంపండి" అని చెప్పండి. హుక్ వేసి వెనక చక్రాలు ఈడ్చుకుపోయే బండి వస్తే ఎక్కించకుండా తిప్పి పంపేయండి.